గీత వెంట పరుగు, నెలజీతం నీడ

ఫుట్‌బాల్ మైదానానికి పొడుగునా రెండు పక్కల గీసే సున్నపు గీతలను టచ్‌లైన్లు అంటారు. ఆ గీతను ఆనుకొని బంతిని ముందుకు తీసుకుపోయి, ప్రత్యర్థి గోలుకు పక్కనున్న మూల నుంచి దానిని నడుమ కాచుకున్న తనవాళ్లకు అందించే ఆటగాడు వింగర్; ఆ అందింపు పేరు క్రాస్. రెక్క అనే అర్థమున్న ఇంగ్లీషు మాట నుంచి పుట్టిన ఈ పేరు, జట్టు అటూ ఇటూ విప్పిన రెక్కల మీద ఎగరాలన్న పాతకాలపు ఊహను తనలో దాచుకున్నది. ఇంగ్లండు వంటి దేశాల్లో పెద్ద క్లబ్బులలో చోటు దొరకని వింగర్ సైతం చిన్న ఊళ్ల జట్లలో ఆడి, వారం వారం కూలి తీసుకొని, పదీ పన్నెండేళ్లు ఆట మీదనే బతకగలిగాడు. తెలుగు నేల మీద అటువంటి బతుకుతెరువు లేకపోలేదుగానీ అది ఆట పేరుతో కాక ఉద్యోగం పేరుతో నడిచింది: వింగర్ పోలీసు శాఖలో కానిస్టేబులుగా, రైల్వేలో గుమస్తాగా, బ్యాంకులో సహాయకుడిగా జీతం తీసుకొని సాయంత్రాలు ఆడాడు. ఈ ఏర్పాటు హైదరాబాదు, సికిందరాబాదులను అర్ధశతాబ్దం పాటు భారత ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లుగా నిలబెట్టింది. నంద్యాల, ఆళ్లగడ్డ వంటి పట్టణాలను ఆ చరిత్ర అంచుకు నెట్టివేసిందీ అదే.

వింగర్ పనిలోని ప్రత్యేకతను ముందుగా గమనించకపోతే నెలజీతానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందో బోధపడదు. 20వ శతాబ్ది తొలి సగంలో భారతదేశంలోని జట్లు ఎక్కువగా ఇద్దరు వెనుక, ముగ్గురు నడుమ, అయిదుగురు ముందు నిలిచే అమరికలో ఆడేవి. ముందు వరుసలోని అయిదుగురిలో కొసలనున్న ఇద్దరిని ఔట్‌సైడ్ రైట్, ఔట్‌సైడ్ లెఫ్ట్ అనేవారు. వీరికి తక్కిన ఏ ఆటగాడికీ లేనంత వేగం కావాలి, ఆ వేగంలోనే బంతి కాలికి అంటుకొని ఉండాలి, తీరా మూలకు చేరాక తలెత్తి చూసే వ్యవధి లేకుండానే సరిగ్గా క్రాస్ వేయాలి. ఎదురుగా నిలిచే ఫుల్‌బ్యాక్, అంటే వెనుక వరుసలోని రక్షకుడు, బంతిని అందుకోలేనప్పుడు కాలిని అందుకునేవాడు. దెబ్బతిన్నవాడి స్థానంలో ఇంకొకరిని దింపే పద్ధతి ఇంగ్లీషు లీగులో 1965లోనూ, ప్రపంచకప్పులో 1970లోనూ గాని రాలేదు గనుక, కుంటుతున్న వింగర్‌ను గీత పక్కన ఊరికే నిలబెట్టి, ప్రత్యర్థి ఒకడినైనా అటు లాగి ఉంచితే చాలునని సరిపెట్టుకోవడం ఆనాటి రివాజు. ఇక్కడి ఆటగాళ్లలో చాలామంది 1950ల తొలి ఏళ్ల వరకు బూట్లు లేకుండానే ఆడారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఎదురైన ఓటమి తరువాతనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. దేశంలోని పోటీలు అప్పట్లో 90 నిమిషాలకు బదులు 70 నిమిషాలే సాగడం వింగర్ ఊపిరితిత్తులకు కొంత ఊరట కావచ్చు, మోకాళ్లకు మాత్రం కాదు.

గోల్‌కీపరు నలభై ఏళ్లకు దగ్గరపడ్డా నిలదొక్కుకోగలడు, నడుమ ఆడేవాడు అనుభవంతో పరుగును ఆదా చేసుకోగలడు. వింగర్‌కు ముప్పయి దగ్గరపడేసరికి ఒక్క అడుగు వెనుకబడితే చాలు, అతడి ఆటలో మిగిలేది తక్కువ. వయసు పెరిగేకొద్దీ రాతిపని చేతిలో పండుతుంది, వేగం కాలిలో తరుగుతుంది. శిల్పకళకు పేరుపడ్డ ఆళ్లగడ్డలో అరవై ఏళ్ల స్థపతి ఉలికి ఇరవై ఏళ్ల శిష్యుడి ఉలికి లేని గౌరవం దక్కుతుంది. అదే ఊరి మైదానంలో గీత వెంట పరుగెత్తే కుర్రవాడి విద్య అతడి పిల్లలు బడికి పోయే వయసుకు ముందే ముగిసిపోతుంది. ఆటగాళ్లందరిలోనూ వింగర్‌కే ఆట తరువాతి బతుకు గురించిన చింత ముందుగా పట్టుకునేది.

ఈ చింతకు ఇంగ్లండు ఇచ్చిన సమాధానం అంగడిది. ఆటగాడు డబ్బు తీసుకొని ఆడటాన్ని అక్కడి ఫుట్‌బాల్ సంఘం 1885లో అనుమతించింది, 1888లో లీగు మొదలైంది, 1920లో మూడో డివిజను, 1958లో నాలుగో డివిజను చేరాయి. డివిజను అంటే గెలుపోటములను బట్టి పైకి ఎక్కుతూ కిందికి దిగుతూ ఉండే జట్ల అంతస్తు. మిల్లులు, బొగ్గుగనులు ఉన్న ఊళ్లలో శనివారం మధ్యాహ్నం పని విడిచిన కార్మికులు గేటు దగ్గర ఇచ్చే చిల్లర డబ్బులే కింది అంతస్తుల ఆటగాళ్లకు కూలిగా మారేవి. ఆ కూలి ఎక్కువేమీ కాదు: 1961 జనవరి వరకు ఎంతటి ఆటగాడికైనా వారానికి 20 పౌండ్లకు మించి ఇవ్వరాదన్న కట్టడి ఉండేది, ప్రెస్టన్ జట్టుకు, ఇంగ్లండుకు ఆడిన గొప్ప వింగర్ టామ్ ఫిన్నీ గొట్టాల పని చేసుకుంటూనే ఆడాడు. అయినా ఊరు టికెట్టు కొన్నంతకాలం ఆ ఊరి వింగర్ ఫుట్‌బాల్ ఆటగాడిగానే లెక్కకు వచ్చాడు. నంద్యాలలో అటువంటి గేటు డబ్బును సినిమా హాళ్లు చాలాముందే పట్టుకుపోయాయి.

తెలుగు ప్రాంతంలో ఫుట్‌బాల్ రెండు వేర్వేరు తోవలలో వచ్చింది, ఆ తోవలు విడిపోయిన చోటు 1800 నాటి ఒప్పందం. నిజాం తన ఆధీనంలోని కడప, బళ్లారి, కర్నూలు సీమలను ఈస్టిండియా కంపెనీకి వదులుకోవడంతో దత్తమండలాలు అనే పేరు ఏర్పడింది. నాటి కర్నూలు నవాబు పాలన 1839లో ముగిశాక నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం పూర్తిగా మద్రాసు రాజధాని పాలనలోకి వచ్చింది. నిజాం దగ్గర మిగిలిన హైదరాబాదు పక్కన మాత్రం సికిందరాబాదు దండు వెలిసింది. తిరుమలగిరి, బొల్లారం, అమ్ముగూడ పరిసరాల్లో విడిది చేసిన బ్రిటిషు పటాలాలు కవాతు మైదానాల్లో సాయంత్రం పూట ఆడిన ఆటను గుర్రపుసాలల్లో, వంటశాలల్లో, బడ్డీల్లో పనిచేసే స్థానికుల పిల్లలు చూసి నేర్చుకున్నారు. నంద్యాల వైపున దండు లేదు, మిషను బడి ఉంది. ఎస్‌పీజీ అని పిలిచే ఆంగ్లికన్ ప్రచార సంఘం 19వ శతాబ్ది నడిమి కాలంలో ఆళ్లగడ్డకు దక్షిణంగా ఉన్న ముత్యాలపాడును కేంద్రం చేసుకొని, ఆపైన నంద్యాలలో ఉపాధ్యాయ శిక్షణను, ఉన్నత పాఠశాలను నెలకొల్పింది. దక్షిణ భారతంలో ఇటువంటి మిషను బడులే కసరత్తుతో పాటు బంతాటను పాఠప్రణాళికలోకి తెచ్చాయి. కవాతు మైదానంలో నేర్చిన ఆటకు ఎదురుగా పెద్దవాళ్ల జట్లు, పందాలు, కప్పులు ఉన్నాయి. బడిలో నేర్చిన ఆట ఆఖరి తరగతి పరీక్షతో ముగిసేది. తరువాతి తేడాలన్నింటికీ మూలం బహుశా ఇక్కడే ఉన్నది.

నేల కూడా తన వంతు అడ్డుపడింది. కుందేరు లోయలోని నల్లరేగడి వానాకాలంలో అడుగు తీస్తే అడుగు పట్టుకుంటుంది, ఎండాకాలంలో చెప్పుతో సహా కాలు జారిపోయేంత వెడల్పున నెర్రెలు విచ్చుతుంది. బంతి దొర్లాలంటే ఎర్రమట్టి తోలించి, నీళ్లు చల్లి, రోలరు తిప్పిన మైదానం కావాలి, దానికి బడో కళాశాలో పూనుకోవాలి. కర్నూలు–కడప కాలువ నీరు అందిన పొలాల్లో వరి పండినకొద్దీ ఊరి బయలు కుదించుకుపోయింది. చెడుగుడుకు అంత నేల అక్కరలేదు, గుడి ముందరి జాగా చాలు, బంతి కూడా అక్కరలేదు. రాయలసీమ పల్లెల్లో కాలి బలం, ఊపిరి నిగ్రహం ఉన్న యువకుడు ముందు ఆ ఆటకే పోవడంలో వింత లేదు. కూతకు పోయినవాడు ప్రత్యర్థి గడిలో గీత వెంబడి జారుతూ మూలనున్నవాడిని తాకి వెనక్కి దూకే తీరులో వింగర్ కదలికకు దగ్గరి పోలికే కనిపిస్తుందిగానీ, ఈ పోలికను ఇంతకంటే లాగడం న్యాయం కాదు.

మైదానం కన్నా పెద్ద లోటు యజమాని. ఆటగాడికి ఏడాది పొడవునా జీతమిచ్చి, సాయంత్రం సాధనకు విడిచిపెట్టి, పోటీలకు పంపగల సంస్థ ఉంటేనే చిన్న ఊళ్లో జట్టు నిలుస్తుంది. నంద్యాల సంపద పత్తి మీద, వరి మీద, నూనెగింజల మీద ఆధారపడినది. 1906లో నెలకొల్పిన వ్యవసాయ పరిశోధన కేంద్రం పత్తి రకాలకు పేరు తెచ్చింది, జిన్నింగు మిల్లులు పంటకాలంలో రాత్రింబవళ్లు నడిచాయి; పంటతో పని మొదలై పంటతో ఆగిపోయే మిల్లు తన కూలీకే పన్నెండు నెలల పని చూపలేనప్పుడు వింగర్‌ను పోషించే ప్రశ్న పుట్టదు. చదువుకున్న కుర్రవాడు తొలినాళ్లలో మద్రాసు వైపు చూశాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక, 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం స్థాపించాక, రాయలసీమ కళాశాలల ఆటగాళ్లకు విశ్వవిద్యాలయ జట్టు ఒక మెట్టుగా దొరికింది. 1956 నవంబరు 1న రాష్ట్రం విస్తరించి హైదరాబాదు రాజధాని కావడంతో చూపు ఉత్తరానికి మళ్లింది. అప్పటికి అక్కడ ఫుట్‌బాల్ శిఖరం మీద ఉన్నది.

ఆ శిఖరానికి దారి వేసినవారిలో ఎక్కువమంది ఉద్యోగులు, ఉపాధ్యాయులు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం 1939లో ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షుడు ఎస్.ఎం.హాదీ, రంజీ ట్రోఫీలో మొదటి శతకం చేసిన ఈయన టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్ మొదలైన ఏడు ఆటలలో ప్రవీణుడు కావడం వల్ల ఇంద్రధనుస్సు హాదీ అని పేరు పొందారు. 1940లలో సంఘం కార్యదర్శి బాధ్యత చేపట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963) వృత్తిరీత్యా బడిపంతులు. నగర పోలీసు జట్టుకు ఆయన శిక్షకుడైన తరువాత సాధించిన ఫలితాలకు పోలిక వెదకడం కష్టం: బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు, డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957లలోనూ, ఆంధ్ర పోలీసు పేరుతో 1961లోనూ ఈ జట్టు గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956–57లోనూ 1957–58లోనూ హైదరాబాదుకు, 1965–66లో ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది. రహీం శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేరింది.

రహీం పద్ధతుల్లో వింగర్ చరిత్రకు నేరుగా సంబంధించినది ఒకటున్నది. అలవాటైన కాలితో బంతిని తాకకుండా రెండో కాలితోనే ఆడవలసిన పోటీలను, బంతిని కాళ్ల దగ్గర పెట్టుకొని ఒంటరిగా దూసుకుపోవడాన్ని నిషేధించిన పోటీలను ఆయన స్థానికంగా జరిపించారు. కుడికాలివాడు కుడి గీతకు, ఎడమకాలివాడు ఎడమ గీతకు బందీ అయిపోవడం ఆనాటి వింగర్‌కు పుట్టుకతో వచ్చిన లోపం వంటిది. ఫుల్‌బ్యాక్ ఆ ఒక్క కాలిని కనిపెట్టి మూసివేస్తే వాడి ఆట ముగిసినట్లే. రెండు కాళ్లూ నేర్చినవాడు గీత వెంట పోగలడు, లోపలికీ తిరగగలడు. అరటితొక్క ఒలిచినంత తేలికగా కనిపించే ఈ ఉపాయం వెనుక బడిపంతులి బుద్ధి ఉన్నది: పిల్లవాడికి రాని అక్షరాన్నే పదిసార్లు దిద్దించడం.

ఈ జట్లు నడిచిన ఆర్థిక విధానం గురించి విజయాల జాబితాలు ఏమీ చెప్పవు. పోలీసు జట్టులో చేరినవాడు ముందు పోలీసు. అతడికి హోదా ఉంటుంది, ఆ హోదాకు జీతం, దానికి కరువుభత్యం, సెలవు, చివరకు పింఛను ఉంటాయి. సాధనకు వెళ్లిన సాయంత్రాలూ పోటీలకు వెళ్లిన వారాలూ విధి నిర్వహణ కిందనే లెక్కకు వస్తాయి. కప్పు గెలిస్తే పదోన్నతి త్వరగా రావచ్చు, కాలు విరిగితే తేలికపాటి విధులు దొరుకుతాయి, పరుగు తగ్గితే ఠాణాలోనో కార్యాలయంలోనో బల్ల దొరుకుతుంది. 1952, 1956 ఒలింపిక్స్ ఆడిన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, 1960 ఒలింపిక్స్ ఆడి 1962 ఆసియా స్వర్ణం సాధించిన యూసుఫ్ ఖాన్ ఈ పోలీసు జట్టువారే. పేర్లు పత్రికలకెక్కని వందలాది ఆటగాళ్లు వారికి దిగువన ఉన్నారు. సికిందరాబాదులోని సైనిక మరమ్మతు విభాగమైన ఈఎంఈ కేంద్రం, 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వే, రోడ్డు రవాణా సంస్థ, విద్యుత్తు బోర్డు, ఆల్విన్ కర్మాగారం, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, ఆంధ్రా బ్యాంకు వంటి సంస్థల జట్లు, వీటి పక్కన పేటల క్లబ్బులు కలిసి రహీం పేరుమీద సాగిన నగర లీగులో అంతస్తులు అంతస్తులుగా ఆడేవి. కింది అంతస్తులోని వింగర్ తొలి రెండు మూడేళ్లు పేట క్లబ్బుకు చేతి ఖర్చు మీద, ఒక్కోసారి కేవలం ఇరానీ చాయి మీద ఆడి, ఏదో ఒక సంస్థ జట్టు పెద్ద కంట పడాలని ఎదురుచూసేవాడు. కంట పడితే ఉద్యోగం. పడకపోతే ఇరవై అయిదు నిండేసరికి ఆట మానివేయడం. ఆ లీగులో అతడు ఆడిన ప్రతి పందెమూ ఒక విధంగా ఉద్యోగపు ముఖాముఖి పరీక్షే.

వృత్తి ఆటగాడు, ఔత్సాహిక ఆటగాడు అనే రెండు గదుల్లో ఇతడు దేనిలోనూ ఇమడడు. డబ్బు తీసుకొని ఆడేవారికి ఒలింపిక్స్‌లో ప్రవేశం లేని రోజుల్లో శాఖ జీతం తీసుకునేవాడు కాగితం మీద ఔత్సాహికుడే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అతడు చేసేది ఆటే. ఒప్పందం లేదు గనుక బదిలీ రుసుము లేదు, బేరమాడే అవకాశమూ లేదు. ఉద్యోగం వదిలితేనే జట్టు వదలగలడు. ఇంగ్లీషు ఆటగాడిని క్లబ్బు కట్టిపడేస్తే తెలుగు ఆటగాడిని పింఛను కట్టిపడేసింది. రెండో ముడి మెత్తగా ఉండి ఉండవచ్చు, అయినా ముడే.

ఆ ముడి విప్పుకొని వెళ్లినవారి గమ్యం కలకత్తా. దండు ప్రాంతమైన అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరాం ఎడమ అంచునా, దానికి లోపలి స్థానంలోనూ ఆడిన అరుదైన ప్రతిభాశాలి. హైదరాబాదు ఆటలో ఎదిగి, 1956 ఒలింపిక్స్ ముగిశాక 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి, 1961లో ఆ జట్టుకు నాయకత్వం వహించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్ చేసినది ఆయనే. 1962లో ఆసియా స్వర్ణం, అర్జున పురస్కారం రెండూ దక్కాయి. 1963లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకు మారిన కొద్దికాలానికే ఊపిరితిత్తుల జబ్బు వల్ల 27 ఏళ్ల వయసులో ఆట విడవవలసి వచ్చింది. పేరు ప్రతిష్ఠలు లేని వింగర్‌కు మోకాలు చేసే పని ఆయనకు ఊపిరితిత్తులు చేశాయి. ఆ తరువాత ఆయన జీవితాన్ని నిలబెట్టినది కలకత్తా క్లబ్బు కాదు, రైల్వే ఉద్యోగం; బెంగాల్‌లోని ఉత్తరపాడాలో స్థిరపడి 2023 ఫిబ్రవరి 16న మరణించారు. ఆయనకు సమకాలికుడైన కుడి వింగర్ పి.కె.బెనర్జీ కలకత్తా పెద్ద క్లబ్బులు పిలిచినా ఈస్టర్న్ రైల్వే ఉద్యోగాన్ని, జట్టును వదలకుండా 1958లో ఆ జట్టుతోనే కలకత్తా లీగు గెలవడాన్ని దీని పక్కన ఉంచి చూస్తే, దేశంలోని అత్యుత్తమ వింగర్లు సైతం జీతపు లెక్కను ముందు వేసుకున్నారని తేటపడుతుంది.

లెక్క వేసుకోనివాడు ఒకడున్నాడు. 1949లో హైదరాబాదులో పుట్టి 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరిన మహమ్మద్ హబీబ్ ఉద్యోగాలను కాదనుకొని కేవలం ఆటనే నమ్ముకున్నారు. ఆ కారణంగానే భారతదేశపు తొలి నిజమైన వృత్తి ఫుట్‌బాలర్ అన్న పేరు ఆయనకు మిగిలింది. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు ఒక గోలు హబీబ్‌ది. అంతటివాడికే సాధ్యమైన ఈ సాహసాన్ని నగర లీగు మూడో అంతస్తులోని వింగర్ నుంచి ఆశించడం అన్యాయం. ఒక తరం మొత్తంలో ఇటువంటి పేరు ఒక్కటే వినిపించడమే అసలు సంగతిని చెబుతుంది.

నంద్యాల సీమ యువకుడి కోణం నుంచి ఈ ఏర్పాటును చూస్తే దాని రెండో ముఖం కనిపిస్తుంది. కర్నూలులో ప్రత్యేక పోలీసు 2వ పటాలం ఉన్నది, పటాలానికి జట్లున్నాయి, పోలీసు క్రీడోత్సవాలున్నాయి. ఉద్యోగాలిచ్చే తక్కిన కార్యాలయాల్లో దాదాపు అన్నీ హైదరాబాదులో ఉన్నాయి. పేటలో పుట్టి లీగులో రోజూ కనిపించే కుర్రవాడికీ, మూడువందల కిలోమీటర్ల దూరం నుంచి ఎంపిక పోటీలకు ఒక్కపూట వచ్చి వెనక్కి పోయే కుర్రవాడికీ పోటీ సమానం కాదు. ఎంపికైతే ఊరు ఆటగాడిని కోల్పోయేది, కాకపోతే ఆటే అతడిని కోల్పోయేది. ఊరి జట్టులో బాగా ఆడితే ఊళ్లోనే బతుకుతెరువు దొరికే దారి ఎన్నడూ పడలేదు గనుక, ఇంగ్లండులో కింది డివిజన్లకు ప్రాణమైన ఊరి జట్టు అభిమానం ఇక్కడ పుట్టడానికి అదనే దొరకలేదు.

1980ల తరువాత యజమానులు ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. 1983 ప్రపంచకప్పు తరువాత క్రికెట్ యువకుల సాయంత్రాలను ఆక్రమించుకోవడం అందరూ చెప్పే కారణం, అది నిజమే. దానికంటే లోతుగా కోసినది 1990లలో ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు, ప్రభుత్వరంగ కర్మాగారాలు కొత్త నియామకాలను బిగించడం. ఉద్యోగం బహుమానంగా లేని లీగులో తల్లిదండ్రులు కొడుకును ఆడనివ్వడానికి హేతువు మిగలలేదు. 1996లో జాతీయ లీగు మొదలై 2007లో ఐ–లీగుగా మారి, ఆసియా సమాఖ్య నియమాల ప్రకారం పై అంతస్తు జట్లన్నీ చట్టబద్ధమైన క్లబ్బులుగా ఉండి తీరాలన్న షరతు బలపడటంతో పోలీసు, బ్యాంకు జట్లకు ఆ తలుపు మూసుకుపోయింది. వ్యవస్థను ఆధునికం చేసే ఉద్దేశంతో తెచ్చిన నియమమే గానీ, ఆటగాడిని అరవై ఏళ్లదాకా మోసిన ఏకైక నావకు చిల్లు పెట్టి, బదులుగా ఆ పొడుగు నావను ఇవ్వలేదు.

కొత్త క్లబ్బులు వచ్చాయి. 2015లో పుట్టిన ఫతే హైదరాబాద్ ఐ–లీగు రెండో డివిజనులో ఆడింది. అదే ఏడాది విశాఖపట్నంలో మొదలైన శ్రీనిధి దక్కన్ 2022–23, 2023–24 ఐ–లీగులలో రెండో స్థానంలో నిలిచింది. 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న పెనాల్టీల మీద కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఇండియన్ సూపర్ లీగు గెలిచి, చేతులు మారి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రెండో డివిజను వింగర్ ఇప్పుడు చట్టరీత్యా నిఖార్సయిన వృత్తి ఆటగాడు: అతడికి ఒప్పందం ఉంటుంది, మధ్యవర్తి ఉంటాడు, ఆట దృశ్యాల ముక్కలు కూర్చిన వీడియో ఉంటుంది. ఆ ఒప్పందం చాలాసార్లు ఒక సీజనుతో తీరిపోతుంది. పాత కానిస్టేబులు వింగర్‌కు లేనిదల్లా ఇతడికి ఉన్నది, ఉన్నదల్లా లేదు.

ఈ కొత్త పద్ధతిలో తెలుగు నేల నుంచి అత్యున్నతంగా ఎదిగిన వింగర్ ఒక యువతి కావడం పాత శాఖల జట్లు ఊహించనిది. నిజామాబాద్ జిల్లాలోని తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య గోకులం కేరళకు ఆడి, 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్‌లో చేరి, తిరిగివచ్చి ఈస్ట్ బెంగాల్ తరఫున భారత మహిళా లీగు గెలిచి, 2025లో జాతీయ సమాఖ్య ప్రకటించిన ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచారు. రాయలసీమలో సైతం ఆట కేంద్రం రాజధాని నుంచి జరిగింది: 1969 నుంచి అనంతపురంలో పనిచేస్తున్న గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్‌డీటీ తన క్రీడాగ్రామంలో బాలబాలికలకు వసతితో కూడిన ఫుట్‌బాల్ శిక్షణను నడిపింది. నంద్యాల జిల్లా పిల్లలకు హైదరాబాదుకన్నా ఆ ఊరు దగ్గర, నేల కూడా ఎర్రనేల.

ఉద్యోగం మాత్రం కథ నుంచి పూర్తిగా తప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నియామకాలలో క్రీడాకారులకు కేటాయించిన 2 శాతాన్ని 3 శాతానికి పెంచి, 2025లో జరిపిన మెగా డీఎస్సీలో ఆ కోటా కింద 421 ఉపాధ్యాయ పోస్టులను చూపింది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడివడి జిల్లా అయిన నంద్యాలలోని బడులూ ఆ నియామకాల పరిధిలోవే. రహీం సైతం మొదట బడిపంతులే గనుక ఈ మలుపు మరీ కొత్తది కాదు, తేడా ఒక్కటే: శాఖ జట్టులోని వింగర్‌ను ఉద్యోగంలో పెట్టుకున్నది ఇంకా ఆడించడానికి, కోటాలో వచ్చిన వింగర్ ఉద్యోగంలో చేరేనాటికి అతడి ఆట చాలావరకు ధ్రువపత్రాల్లోకి చేరి ఉంటుంది, సాయంత్రం బడి విడిచాక నల్లరేగడి మీద సున్నంతో గీత గీసి పిల్లలను దాని వెంట పరుగెత్తించే పని అతడికి మిగులుతుంది.